సైనిక స్టాప్‌వాచ్‌లు సేకరించాలంటే: మూత, డయల్, యంత్రం చదవడం ఎలా

సైన్యం వాడిన పాత స్టాప్‌వాచ్ చేతికొస్తే ఎవరి కళ్లైనా ముందు డయల్ మీదికే వెళ్తాయి. మీరు మాత్రం దాన్ని వెనక్కి తిప్పండి. డయల్ మార్చేయవచ్చు, ముళ్లు మార్చేయవచ్చు, అద్దమైతే ఈపాటికి ఏదో ఒకసారి మారే ఉంటుంది. వెనక మూత మీద చెక్కిన అక్షరాలు, అంకెలు అది ఎవరి ఆస్తో, ఏ శాఖ స్టోరు నుంచి వచ్చిందో, సుమారుగా ఏ కాలానిదో చెబుతాయి. డయల్ చూస్తే అది చేసిన పని తెలుస్తుంది. లోపలి యంత్రం చూస్తే ఆ పని అది నిజంగా చేయగలదో లేదో తెలుస్తుంది. ఈ మూడూ ఒకే మాట మీద ఉంటే కొనవచ్చు. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా, ఎంత అందంగా ఉన్నా సరే, పక్కన పెట్టేయాలి.

మొదట: ఏ పని చేసిన వాచ్‌లు కావాలో తేల్చుకోండి

చాలామంది దేశాన్ని బట్టి సేకరిస్తారు. బ్రిటిష్ వాటికి ఒక అర, జర్మన్ వాటికి ఒక అర. నా సలహా వేరు. ఆ వాచ్ చేసిన పనిని బట్టి సేకరించండి. అప్పుడు ప్రతి వాచ్ ఎందుకు అలా ఉందో అర్థమవుతుంది, నకిలీ కూడా త్వరగా దొరికిపోతుంది.

ఫిరంగి దళాల పని చూడండి. దూరంగా శత్రువు ఫిరంగి పేలినప్పుడు మెరుపు కనిపించగానే బటన్ నొక్కుతారు, మోత వినిపించగానే ఆపుతారు. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది. ముల్లు 10 సెకన్ల దగ్గర ఆగితే ఫిరంగి దాదాపు 3.4 కిలోమీటర్ల దూరంలో ఉందన్నమాట. ఈ లెక్క ప్రతిసారీ వేయనక్కర్లేకుండా కొన్ని డయళ్ల మీద దూరాలే నేరుగా ముద్రించారు.

నౌకాదళంలో లెక్క మారుతుంది. సముద్రపు నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పరుగెత్తుతుంది. జలాంతర్గామిని వెతికే పరికరం ధ్వనిని పంపి, ప్రతిధ్వని కోసం ఎదురుచూస్తుంది. అంటే శబ్దం వెళ్లి రావాలి. అక్కడ 10 సెకన్లంటే దాదాపు 7.5 కిలోమీటర్ల దూరం. కాబట్టి దూరాలు వేసిన డయల్ కనిపిస్తే 10 సెకన్ల గీత దగ్గర ఎంత రాసి ఉందో చూడండి. అది గాలి కోసం చేసిన డయలా, నీటి కోసం చేసిన డయలా అన్నది మీకే తెలిసిపోతుంది. ఫిరంగి డయల్ ఉన్న వాచ్‌ను ‘జలాంతర్గామిలో వాడినది’ అని అమ్మజూపితే మీరు ఇక మోసపోరు.

నావికులు స్టాప్‌వాచ్‌తో ఓడ వేగం కూడా లెక్కగట్టేవారు. 3 నిమిషాల్లో ఓడ ఎన్ని వందల గజాలు కదిలితే దాని వేగం దాదాపు అన్ని నాట్లు (గంటకు ఒక నాటికల్ మైలు వెళ్తే ఒక నాట్). 1200 గజాలు కదిలితే 12 నాట్లు. ఒక నాటికల్ మైలు సుమారు 2025 గజాలు, అందులో ఇరవయ్యో వంతు సుమారు 101 గజాలు కాబట్టి ఈ సులువు లెక్క పనిచేస్తుంది. టార్పెడో వదిలాక అది లక్ష్యాన్ని చేరే సమయం లెక్కపెట్టడానికీ ఈ వాచే. ఆ మనుషులు ఎంత ఇరుకులో నిలబడి బటన్ నొక్కేవారో చూడాలంటే విశాఖ ఆర్కే బీచ్‌లో ఐఎన్‌ఎస్ కుర్సుర ఎక్కండి. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరిన జలాంతర్గామి అది. 2002 నుంచి మ్యూజియంగా ఉంది. టార్పెడో గొట్టాల పక్కన నిలబడి చూశాక ఈ వాచ్‌ల మీద గౌరవం పెరుగుతుంది.

వైమానిక దళాల వాచ్‌లలో నాకు బాగా ఇష్టమైనది అమెరికన్ ‘టైప్ ఏ-8’. రెండో ప్రపంచ యుద్ధంలో ఎల్జిన్ కంపెనీ అమెరికా సైనిక విమానాల కోసం చేసింది. దీని ముల్లు 60 సెకన్లకు కాదు, 10 సెకన్లకే ఒక చుట్టు తిరుగుతుంది. లోపల అటూ ఇటూ ఊగుతూ యంత్రాన్ని నడిపే బ్యాలెన్స్ వీల్ అనే చక్రం ఎంత వేగంగా కొట్టుకుంటుందంటే సేకరించేవాళ్లు దీన్ని ‘జిట్టర్‌బగ్’ అని పిలుస్తారు. చెవి దగ్గర పెట్టుకుంటే టిక్ టిక్ అని విడివిడిగా వినపడదు, సన్నటి జోరు వినిపిస్తుంది.

తర్వాత: వెనక మూత చదవడం నేర్చుకోండి

బ్రిటిష్ సైనిక వస్తువుల మీద ఉండే ముఖ్యమైన గుర్తు వెడల్పాటి బాణం. మూడు గీతలు పైకి వెళ్లి ఒక మొన దగ్గర కలుస్తాయి. అది ప్రభుత్వ ఆస్తి అని దాని అర్థం. ఇదే బాణం చుట్టూ ఆంగ్ల ‘సి’ అక్షరం ఉంటే కెనడాది, రెండు ‘డి’ల మధ్యలో ఉంటే ఆస్ట్రేలియా రక్షణ శాఖది. రెండు బాణాలు మొనకు మొన ఎదురెదురుగా ఉంటే భయపడకండి. ప్రభుత్వం ఆ వస్తువును సర్వీసు నుంచి తీసేసి బయటికి అమ్మేసిందని అర్థం.

బాణం కింద ఉండే అంకెల్లోనే అసలు కబురు ఉంటుంది. బ్రిటిష్ నౌకాదళపు స్టాప్‌వాచ్‌ల మీద ‘పాట్.’ అని రాసి పక్కన నంబరు వేస్తారు. పాట్. 3169 తరచుగా కనిపిస్తుంది. ‘ప్యాటర్న్’ అనే మాటకు అది పొట్టి రూపం. ‘ఏ.ఎం.’ అని ఉంటే ఎయిర్ మినిస్ట్రీ, అంటే వైమానిక దళం వైపుది. దాని పక్కన ‘6బి’తో మొదలయ్యే స్టోరు నంబరు ఉండవచ్చు.

ఇక్కడ ఒక్క నంబరు గుర్తుపెట్టుకోండి: 6645. నాటో దేశాల స్టోర్లలో సమయం కొలిచే పరికరాల తరగతి సంఖ్య అది. దాని తర్వాత వచ్చే రెండంకెలు దేశానివి. 99 అయితే బ్రిటన్, 12 అయితే జర్మనీ, 66 అయితే ఆస్ట్రేలియా. బ్రిటిష్ వాచ్‌ల మీద 6645కు ముందు 0552 ఉంటే నౌకాదళం, ‘డబ్ల్యూ10’ ఉంటే ఆర్మీ, ‘6బిబి’ ఉంటే వైమానిక దళం. నాటో ఏర్పడిందే 1949లో. కాబట్టి మూత మీద 6645-99 కనిపిస్తూ ఉంటే, అమ్మేవాళ్లు ‘డన్‌కిర్క్‌లో వాడిన వాచ్ సార్’ అని ఎంత కమ్మగా చెప్పినా అది రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక పుట్టినదే. అలాగని చెడ్డదేం కాదు. దాని కాలానికి తగిన ధరే ఇవ్వండి.

గుర్తులనూ నకిలీ చేస్తారు, ముఖ్యంగా ఖాళీ మూత ఉన్న మామూలు క్రీడా స్టాప్‌వాచ్‌ల మీద. భూతద్దం పెట్టి చూడండి. మూతంతా గీతలు పడి, పూత అరిగి, బాణం అంచులు మాత్రం కొత్తగా పదునుగా ఉంటే అనుమానించాలి. పాత గీత చెక్కడం మీదుగా వెళ్లాలి. చెక్కడం పాత గీతను కోసుకుంటూ వెళ్తే అది నిన్నమొన్న చెక్కినది. గుంటల్లో దశాబ్దాల మురికి ఉందా, మెరిసే లోహం ఉందా అన్నదీ చూడండి.

నాజీ జర్మనీ గుర్తులున్న వాచ్‌లకు కొత్తవాళ్లు దూరంగా ఉండటమే మంచిదని నా అభిప్రాయం. ఆ కాలంలో హాన్‌హార్ట్, యుంగాన్స్ కంపెనీలు మంచి స్టాప్‌వాచ్‌లు చేశాయి, నిజమే. కానీ ఆ గద్ద గుర్తుకు ఉన్న ధర వల్ల నకిలీ చెక్కడాలు విపరీతంగా పెరిగాయి. వాటిని పట్టుకోవడానికి చాలా అనుభవం కావాలి. పైగా ఆ గుర్తు వెనక ఉన్న చరిత్ర తెలిసి మరీ దానికి ఎక్కువ డబ్బులు పెట్టడం నాకు సమ్మతం కాదు.

తక్కువ ఖర్చుతో మొదలుపెట్టాలనుకుంటే సోవియట్ ‘అగాత్’ మంచి పాఠశాల. ఉరల్ ప్రాంతంలోని జ్లతౌస్త్ ఫ్యాక్టరీ వీటిని చేసేది. 1941లో జర్మన్ సైన్యం మాస్కో మీదికి వస్తుంటే అక్కడి మొదటి వాచ్ ఫ్యాక్టరీలో కొంత భాగాన్ని తరలించిన చోటు అది. వాచ్‌లు గట్టివి, పుష్కలంగా దొరుకుతాయి. కానీ వీటిలో ఎక్కువ భాగం బడులకు, ల్యాబులకు, కర్మాగారాలకు, ఆటల మైదానాలకు వెళ్లినవే. ‘కేజీబీది’ (సోవియట్ గూఢచారి సంస్థది) అనే మాటకు రుజువు లేకపోతే ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వకండి.

డయల్, యంత్రం ఒకదానికొకటి సరిపోతున్నాయా చూడండి

ఈ పరీక్షకు మీ ఫోన్ చాలు. డయల్ మీద ఒక సెకనుకూ తర్వాతి సెకనుకూ మధ్య ఎన్ని భాగాలున్నాయో లెక్కపెట్టండి. ఐదు ఉంటే అది సెకనులో ఐదో వంతు కొలిచే వాచ్, లోపలి యంత్రం సెకనుకు 5 సార్లు కొట్టుకోవాలి, గంటకు 18,000. పది భాగాలుంటే సెకనుకు 10 సార్లు, గంటకు 36,000. పదో వంతు కొలిచే వాచ్‌లలో సాధారణంగా ముల్లు 30 సెకన్లకే చుట్టు పూర్తి చేస్తుంది. నూరో వంతు కొలిచేవి అరుదు. హ్యూయర్ కంపెనీ 1916లో తెచ్చిన మైక్రోగ్రాఫ్ అలాంటిది, ముల్లు 3 సెకన్లకు ఒక చుట్టు తిరుగుతుంది.

ఇప్పుడు వాచ్ నడుస్తుండగా ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. ముల్లు సెకనుకు ఎన్ని అంగలు వేస్తోందో నెమ్మదిగా లెక్కపెట్టండి. డయల్ మీద పది భాగాలుండి, ముల్లు ఐదే అంగలు వేస్తుంటే ఆ డయల్ ఆ యంత్రానిది కాదు. ఎవరో రెండు పాడైన వాచ్‌లను కలిపి ఒకటి చేశారు. ఫోటోలు చూసి మాత్రమే కొనేటప్పుడు అమ్మేవాళ్లను ఈ వీడియో అడగండి. నిజాయతీగా అమ్మేవాళ్లు కాదనరు.

వెనక మూత తెరిచి చూపించమనడం కూడా మీ హక్కే. అయితే తర్వాతి భాగం చదవకుండా ఎవరినీ ఆ పని చేయమనవద్దు.

రేడియం: దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు

చీకట్లో కనపడటానికి పాత సైనిక వాచ్‌ల అంకెలకు, ముళ్లకు రేడియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన రంగు పూసేవారు. అన్ని స్టాప్‌వాచ్‌లకూ ఇది ఉండదు. పగటి వెలుతురులో వాడేవాటికి చాలావరకు నల్ల సిరా అంకెలే. కానీ ముల్లు మధ్యలో ఖాళీ ఉండి అందులో పసుపు లేదా గోధుమ రంగు ముద్ద కనిపించినా, అంకెలు ఉబ్బెత్తుగా ముద్దగా ఉన్నా, ఒకే చోట చాలాకాలం ఆగిన ముల్లు కింద డయల్ మాడినట్టు గోధుమ రంగు మచ్చ ఉన్నా రేడియం ఉందనే అనుకోండి.

‘ఇప్పుడు వెలగడం లేదు కదా, దాని పని అయిపోయింది’ అని చాలామంది చెబుతారు. ఇది పూర్తిగా తప్పు. ఆ రంగులో వెలుగునిచ్చేది జింక్ సల్ఫైడ్. అది కొన్నేళ్లలోనే దెబ్బతిని వెలగడం మానేస్తుంది. దాన్ని వెలిగించిన రేడియం-226 సగం తగ్గడానికి సుమారు 1600 ఏళ్లు పడుతుంది. అంటే మొదటి ప్రపంచ యుద్ధం నాటి వాచ్‌లో రేడియం ఇప్పటికీ దాదాపు అంతే ఉంది. ఆ యుద్ధకాలంలో అమెరికాలో ఈ రంగు పూసిన అమ్మాయిలు కుంచె మొనను పెదవులతో సన్నగా చేసుకునేవారు. ఎందరో దవడ ఎముకలు కుళ్లి చనిపోయారు. మన చేతిలోని వస్తువు వెనక ఆ అమ్మాయిల ప్రాణాలు కూడా ఉన్నాయని మరచిపోకూడదు.

అద్దం, మూత బిగుతుగా ఉన్న ఒక్క వాచ్‌ను కాసేపు పట్టుకుని చూడటం వల్ల పెద్ద ప్రమాదం ఉండదు. ప్రమాదమంతా ఆ రంగు పొడి ఊపిరిలోకో, నోట్లోకో వెళ్లడంలో ఉంది. కాబట్టి రేడియం ఉందనిపించిన వాచ్‌ను మీరు తెరవకండి. అద్దం పగిలి, రంగు పొడిగా రాలుతున్నదాన్ని ఎంత చవకైనా కొనకండి. పొడిని ఊదకండి, గోకకండి. ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. రేడియం నుంచి రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు పుడుతుంది కాబట్టి వీటిని పడకగదిలో పెట్టవద్దు. మూసి ఉంచిన పెట్టెను కిటికీ దగ్గర తెరవండి. ఇంట్లో చిన్న పిల్లలుంటే రేడియం లేని వాచ్‌లే సేకరించడం మేలు, ఎంపిక చాలానే ఉంది. గట్టిగా తేల్చుకోవాలంటే రేడియోధార్మికతను పట్టే గైగర్ కౌంటర్ తప్ప వేరే దారి లేదు. టార్చి వేసి వెలుగుతుందో లేదో చూడటం పరీక్ష కాదు.

డయల్ మీద వృత్తంలో ఆంగ్ల ‘టి’ అక్షరం ఉంటే అది ట్రిటియం, రేడియం బదులు వాడిన మరో రేడియోధార్మిక పదార్థం. 1960ల నుంచి బ్రిటిష్ సైనిక వాచ్‌లలో కనిపిస్తుంది. అది సుమారు 12.3 ఏళ్లకు సగమవుతుంది కాబట్టి ఇప్పటికి చాలా తగ్గిపోయి ఉంటుంది. అయినా తెరిచి గోకే వస్తువు మాత్రం కాదు.

రిపేరుకు ఇచ్చేటప్పుడు రేడియం సంగతి మెకానిక్‌కు ముందే చెప్పండి. జీవితమంతా అవే బల్లల మీద వంగి పనిచేసే మనిషి ఆయన. చెప్పకుండా ఇవ్వడం అన్యాయం.

ఎక్కడ వెతకాలి

హైదరాబాద్‌లో పురానాపూల్ దగ్గర గురువారాల్లో జరిగే జుమ్మెరాత్ బజార్, ముంబైలో చోర్ బజార్ చూడదగ్గవే. కానీ మన సంతల్లో సైనిక స్టాప్‌వాచ్ దొరకడం అదృష్టం మీద ఆధారపడిన పని. అంతకంటే పాత వాచ్ రిపేరు షాపుల వాళ్లతో పరిచయం పెంచుకోవడం ఉపయోగం. సొరుగుల్లో ఏముందో వాళ్లకే తెలియాలి, పైగా మీ వాచ్‌లను రేపు బాగుచేసేదీ వాళ్లే. బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఉండే తెలుగువాళ్లకు అక్కడి సంతలు, వేలంపాటలు చాలా మంచి అవకాశం. విదేశం నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం కూడా కలుపుకునే బేరం వేసుకోండి. రేడియం ఉన్నదైతే పోస్టు నియమాలు ముందే కనుక్కోండి.

చేతిలోకి వచ్చాక, డబ్బులిచ్చే ముందు

కొద్దిగా కీ ఇవ్వండి. మెత్తగా తిరగాలి, గరగరమనకూడదు, జారిపోకూడదు. చాలావాటిలో ఒకే బటన్ ఉంటుంది: మొదటిసారి నొక్కితే మొదలు, రెండోసారి నొక్కితే ఆగుతుంది, మూడోసారి నొక్కితే సున్నాకు వస్తుంది. పక్కన జరిపే మీట ఉంటే అది మధ్యలో ఆపి మళ్లీ నడపడానికి. ప్రతి అడుగూ పదేపదే చేసి చూడండి. సున్నాకు వచ్చేటప్పుడు ముల్లు ఒక్క దెబ్బకు వచ్చి, సరిగ్గా గీత మీద ఆగాలి. కొంచెం పక్కన ఆగుతుంటే ముల్లు దాని గొట్టం మీద జారిందన్నమాట, అది చిన్న రిపేరే. ఒకసారి ఒకచోట, ఇంకోసారి ఇంకోచోట ఆగుతుంటే లోపల గుండె ఆకారపు పలక దగ్గర అరుగుదలో, బలహీనమైన స్ప్రింగో ఉండవచ్చు. అది ఖర్చుతో కూడుకున్న పని.

నిమిషాల ముల్లు కదలకపోతే కొనకండి. తర్వాత ఫోన్ టైమర్‌తో కలిపి పది పదిహేను నిమిషాలు నడపండి, డయల్ పైకి పెట్టి ఒకసారి, నిలువుగా పట్టుకుని ఒకసారి. రెండింటికీ పెద్ద తేడా వస్తే నూనె ఎండిపోయిందో, బ్యాలెన్స్ ఇరుసు అరిగిందో. నిమిషాల తరబడి ముందుకు పరుగెడుతుంటే హెయిర్‌స్ప్రింగ్‌కు (బ్యాలెన్స్ వీల్‌ను ఊపే సన్నటి స్ప్రింగుకు) అయస్కాంతం పట్టి ఉండవచ్చు. దిక్సూచి పక్కన పెట్టి ముల్లు వణుకుతుందేమో చూడండి. దాన్ని వదిలించడం సులువు కాబట్టి బేరం ఆడటానికి మీకు మంచి కారణం దొరికినట్టే.

ముళ్లకు తుప్పు ఉండి, అద్దం పసుపెక్కి ఉంటే ఆ అద్దం సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌ది కావచ్చు. పాతబడ్డ సెల్యులాయిడ్ నుంచి వచ్చే ఆవిరి లోపలి ఉక్కును తినేస్తుంది. అలాంటిది కొంటే మొదట అద్దమే మార్పించండి.

ఇంటికి తెచ్చాక

పాలిష్ చేయించకండి. మెరుపు కోసం రుద్దితే ముందు పోయేది వెనక మూత మీది ఆ బాణమే, ఆ అంకెలే. మెత్తటి పొడి గుడ్డతో తుడిస్తే చాలు. రంగు వెలిసిన డయల్‌కు కొత్తగా ముద్ర వేయించడమూ వద్దు.

కీ పూర్తిగా అయిపోయేదాకా నడిపి, స్ప్రింగు వదులుగా ఉన్నప్పుడే దాచండి. నెలకోసారి బయటికి తీసి కాసేపు నడపండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రతీర ఊళ్లలో ఉండేవాళ్లు పెట్టెలో సిలికా జెల్ సంచులు వేసి, రంగు మారగానే మార్చాలి. ఉప్పుగాలి తేమకు సన్నటి హెయిర్‌స్ప్రింగ్ తుప్పు పట్టిందంటే దానికి జోడీ దొరకడం చాలా కష్టం. ఫోన్, స్పీకర్ల పక్కన పెట్టవద్దు.

ప్రతి వాచ్‌కూ ఒక కాగితం రాసి పెట్టండి. మూత మీద ఉన్నది ఉన్నట్టు అక్షరం అక్షరం, ఎక్కడ ఎంతకు కొన్నారు, ఏ రిపేరు ఎవరు చేశారు, రేడియం ఉందా లేదా. మెకానిక్ మూత తెరిచినప్పుడు యంత్రం ఫోటో తీయమని అడిగి ఆ కాగితంతో పాటు దాచండి.

ఇక మొదటి ప్రపంచ యుద్ధం నాటివాటి విషయంలో చట్టం కూడా చూసుకోవాలి. మన దేశంలో 1972 నాటి పురాతన వస్తువుల చట్టం కింద 100 ఏళ్లు, అంతకంటే పాతవైన వస్తువులు పురాతన వస్తువుల లెక్కలోకి రావచ్చు. అలాంటివాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. సెలవులకు వచ్చి తాతగారి సొరుగులో దొరికిన స్టాప్‌వాచ్‌ను డల్లాస్‌కో లండన్‌కో తీసుకెళ్లాలనుకుంటే, బ్యాగులో పెట్టుకునే ముందు భారత పురావస్తు సర్వేక్షణ సంస్థను సంప్రదించండి. పురాతన వస్తువు కాదని వాళ్లు ధ్రువపత్రం ఇస్తారు. వయసు విషయంలో అనుమానం ఉన్న వాచ్‌కు ఆ కాగితం ఉంటే విమానాశ్రయంలో టెన్షన్ ఉండదు.